దీపం వెలుగులో ఫొటో: లెన్సు, ఫోకసింగ్ స్క్రీన్, కెమెరా బాడీ ఎంపిక

(సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన నెల వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంటు గురించీ, అంతకుముందు నెల లైఫ్ సర్టిఫికెట్టు గురించీ చాలా ఉపయోగకరమైన ప్రసంగాలు విన్నాం. వాటి తర్వాత ఫొటోల గురించి మాట్లాడమంటే, డి.ఎ. బకాయిలకన్నా ఇది ముఖ్యమా అని ఎవరైనా అడుగుతారేమోనని కొంచెం సందేహించాను. కాని ఈ ఏడాది కాలంలో మన సభ్యులు ఫోను చేసి నన్ను అడిగిన ప్రశ్నల్లో సగానికి సగం ఒకే ప్రశ్న. "మనవరాలి నాట్యం ఫొటోలు తీశానండి, అన్నీ మసక మసకగా వచ్చాయి. ఏ కెమెరా కొనమంటారు?" "మా నాన్నగారి సహస్ర చంద్ర దర్శనం పూజ ఫొటోలు తీశాం, ఫ్లాషు వేస్తే అందరి ముఖాలూ సున్నం కొట్టినట్టున్నాయి. ఏ కెమెరా కొనాలి?" గ్రాట్యుటీ డబ్బు చేతిలో ఉన్నప్పుడు ఈ ప్రశ్న వస్తుంది. దుకాణంలో సమాధానం కూడా వెంటనే వస్తుంది. ఆ సమాధానం ఎక్కువ సార్లు తప్పు. ఈ రోజు నా ప్రయత్నమల్లా, మీ డబ్బు ఏ వరుసలో ఖర్చు పెడితే దీపం వెలుగులో బొమ్మ నిలుస్తుందో చెప్పడమే.

వరుస ఇది. మొదట లెన్సు. రెండవది మీ కన్ను, దానికి ఎదురుగా ఉండే ఫోకసింగ్ స్క్రీన్. మూడవది కెమెరా బాడీ. దుకాణంవాడు దీన్ని సరిగ్గా తలకిందులుగా చెబుతాడు. కారణాలు ఒక్కొక్కటే మనవి చేస్తాను.

ఫ్లాషు ఎందుకు వద్దు

ముందు ఒక్క ఉదాహరణ. మనలో రాయలసీమవారు చాలామందే ఉన్నారు. తోలుబొమ్మలాట చూసే ఉంటారు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఆ బొమ్మలు చేసే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ ఊరి కళాకారులు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆటలో తెల్లటి తెరకు వెనక దీపం ఉంటుంది. ఒకప్పుడు ఆముదపు దీపాలు, తర్వాత పెట్రోమాక్సు, ఇప్పుడు కరెంటు బల్బులు. తోలును పలచగా గీకి రంగులు వేస్తారు కాబట్టి వెనక వెలుగు ఆ రంగుల గుండా వచ్చి మన కంటికి చేరుతుంది. అందుకే రావణుడి కిరీటం అలా మెరుస్తుంది. ఇప్పుడు ప్రేక్షకుల వైపునుంచి ఫ్లాషు వేశారనుకోండి. ఆ వెలుగు తెల్లటి తెర మీద పడి తిరిగి వస్తుంది. వెనకనుంచి వచ్చే రంగు అందులో కొట్టుకుపోతుంది. ఫొటోలో మిగిలేది ఒక తెల్లటి దుప్పటి, దాని మీద నాలుగు బూడిదరంగు మరకలు.

పూజగదిలోనూ జరిగేది అదే. దీపం ముఖానికి ఒక పక్కనుంచి వెలుగు ఇస్తుంది, రెండో పక్క నీడ ఉంటుంది. ఆ నీడ ఉంటేనే అది ముఖం. ఫ్లాషు ఎదురుగా కొట్టి నీడను చెరిపేస్తుంది. నాట్య సభల్లో అయితే అది కళాకారిణి కళ్ళలో పడుతుంది. కూచిపూడి తరంగంలో అమ్మాయి ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి ఉన్నప్పుడు ఎదురుగా ఫ్లాషు కొట్టడం మర్యాద కాదు, క్షేమమూ కాదు.

ఉన్న వెలుగులోనే ఫొటో తీయడం కొత్త సంగతి కాదు. జర్మనీలో 1924లో ఎర్మనాక్స్ అనే చిన్న కెమెరా ఎఫ్ 2 లెన్సుతో వచ్చింది. ఎరిక్ సాలమన్ అనే ఆయన ఆ కెమెరాతో న్యాయస్థానాల్లో, అంతర్జాతీయ సమావేశాల్లో ఫ్లాషు పొడి వెలిగించకుండా ఫొటోలు తీసి పేరు తెచ్చుకున్నాడు. ఆ రోజుల్లో గాజు పలకలు ఇప్పటి సెన్సారుతో పోలిస్తే ఎంతో మందకొడి. అయినా సాధ్యమైంది. కారణం లెన్సు.

మొదట లెన్సు

లెన్సు మీద ఎఫ్ 1.4, ఎఫ్ 2, ఎఫ్ 2.8, ఎఫ్ 4, ఎఫ్ 5.6 అని అంకెలు ఉంటాయి. అంకె చిన్నదయ్యేకొద్దీ లోపలి రంధ్రం పెద్దది. ఈ వరుసలో ఒక్కొక్క మెట్టు దిగితే వెలుగు రెట్టింపవుతుంది. కెమెరాతోబాటు డబ్బాలో ఇచ్చే జూమ్ లెన్సు, దూరానికి లాగినప్పుడు ఎఫ్ 5.6 దగ్గర ఆగిపోతుంది. ఎఫ్ 5.6నుంచి ఎఫ్ 1.4 దాకా నాలుగు మెట్లు. అంటే రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు. పదహారు రెట్ల వెలుగు.

దీన్ని సెకన్లలోకి మారుద్దాం. దీపం దగ్గరగా కూర్చున్న మనిషి ముఖానికి, ఐ.ఎస్.ఓ. 1600 పెట్టుకుంటే, ఎఫ్ 5.6 దగ్గర సుమారు 1/8 సెకను కావాలి. ఎఫ్ 1.4 దగ్గర 1/125 సెకను సరిపోతుంది. ఎనిమిదో వంతు సెకను చేత్తో కదలకుండా పట్టుకోవడం పాతికేళ్ళవాడికే కష్టం, మన చేతుల సంగతి చెప్పనక్కరలేదు. 50 మి.మీ. లెన్సును కనీసం 1/50 సెకనుకు తగ్గకుండా వాడాలని పాత లెక్క. చిన్న సెన్సారు ఉన్న కెమెరా అయితే 1/80 అనుకోండి. అంటే అదే గది, అదే దీపం, అదే కెమెరా. లెన్సు మారితే అసాధ్యం సులువవుతుంది.

జూమ్ కాకుండా ఒకే ఫోకల్ లెంగ్త్ ఉండే లెన్సును ప్రైమ్ లెన్సు అంటారు. అందులో లోపల గాజు ముక్కలు తక్కువ, కట్టు సరళం. అంచేత ఎఫ్ 1.8 లెన్సును చవకగా తయారు చేయగలుగుతున్నారు. దాదాపు ప్రతి కంపెనీలోనూ 50 మి.మీ. ఎఫ్ 1.8 లెన్సు వాళ్ళ చవక లెన్సుల్లో ఒకటి. "ఎఫ్ 1.4 ఇంకా మంచిది కదా?" అని అడుగుతారు. 1.8కీ 1.4కీ మధ్య తేడా మెట్టులో మూడింట రెండు వంతులే. ధరలో తేడా అంతకన్నా చాలా ఎక్కువ. పెన్షనుదారులకు ఎఫ్ 1.8 చాలు. ఎఫ్ 1.2 వైపు చూడనే వద్దు.

ఏ ఫోకల్ లెంగ్త్ కొనాలి? మీరు ఎక్కడ కూర్చుని ఎవర్ని తీస్తారో దాన్నిబట్టి. చాలామంది ఇళ్ళలో ఉన్నది చిన్న సెన్సారు కెమెరా, ఎ.పి.ఎస్.-సి. అంటారు. దానికి హాలులో సోఫాలో కూర్చున్న ఇద్దరిని రెండున్నర మీటర్ల దూరంనుంచి తీయడానికి 35 మి.మీ. కావాలి. 50 మి.మీ. పెడితే వెనక్కి జరగడానికి గోడ అడ్డం వస్తుంది. అదే కెమెరాతో నాట్యసభలో ఎనిమిది మీటర్ల దూరంనుంచి నిలువుగా పట్టి తీస్తే 50 మి.మీ.లో మూడున్నర మీటర్ల పైచిలుకు ఎత్తు పడుతుంది. నర్తకి పాదంనుంచి ఎత్తిన చేతిదాకా హాయిగా పడుతుంది. పెద్ద సెన్సారు, అంటే ఫుల్ ఫ్రేమ్ కెమెరా అయితే ఇంట్లోకి 50, సభకు 85.

పెద్ద రంధ్రానికి ఒక మూల్యం ఉంది. స్పష్టంగా పడే లోతు తగ్గిపోతుంది. ఫుల్ ఫ్రేమ్ మీద 50 మి.మీ. లెన్సు ఎఫ్ 1.4 దగ్గర, మనిషి రెండు మీటర్ల దూరంలో ఉంటే స్పష్టత లోతు సుమారు 13 సెంటీమీటర్లు. ఒక మీటరుకు వెళితే మూడు సెంటీమీటర్లు. కన్ను స్పష్టంగా ఉంటే చెవి మసకేస్తుంది. చిత్రమేమిటంటే సభలో ఇది అంత ఇబ్బంది కాదు. 85 మి.మీ. ఎఫ్ 1.8తో ఎనిమిది మీటర్ల దూరంలో దాదాపు మీటరు లోతు దొరుకుతుంది. ఇంట్లో దగ్గరగా తీసేటప్పుడే ఫోకసు ప్రాణాంతకం. 1975లో వచ్చిన "బారీ లిండన్" సినిమాకు స్టాన్లీ కూబ్రిక్ కొవ్వొత్తుల వెలుగులో దృశ్యాలు తీయడానికి, నాసా కోసం తయారైన జైస్ 50 మి.మీ. ఎఫ్ 0.7 లెన్సు వాడాడు. లోతు ఎంత పలచనంటే, నటులు ముందుకూ వెనక్కూ కదలకుండా కూర్చోవలసి వచ్చింది. అంతటివాళ్ళకే తప్పలేదు.

ఫోకసు ఇంత ముఖ్యమైతే, దాన్ని చూసుకునేది ఎక్కడ? అదే రెండో విషయం.

రెండవది కన్ను, స్క్రీను

ఎస్.ఎల్.ఆర్. కెమెరాలో లెన్సునుంచి వచ్చిన వెలుగు అద్దం మీద పడి, పైకి వెళ్ళి, ఒక గరుకు గాజు పలక మీద బొమ్మగా ఏర్పడుతుంది. అదే ఫోకసింగ్ స్క్రీన్. మనం వ్యూఫైండర్‌లో చూసేది బయటి మనిషిని కాదు, ఆ పలక మీది బొమ్మను. ఈ సంగతి గుర్తుంటే మిగతా అంతా తేలిక.

ఇక్కడ వయసు సంగతి ఒకటి చెప్పాలి. వయసు పెరిగేకొద్దీ కంటిపాప చీకట్లో పూర్వంలా విచ్చుకోదు, లోపలి కటకం పసుపుబారుతుంది. ఇరవై ఏళ్ళ కంటితో పోలిస్తే అరవై ఏళ్ళ కంటి రెటీనాకు చేరే వెలుగు సుమారు మూడో వంతే. అంటే మనవడికి బాగానే కనబడే వ్యూఫైండర్ మనకు చీకటి గుయ్యారం. కెమెరా పుస్తకాలు రాసేది మన వయసువారి కోసం కాదు కాబట్టి ఈ ముక్క వాటిలో కనబడదు.

రెండో ముక్క కళ్ళజోడు గురించి. వ్యూఫైండర్‌లో బొమ్మ కంటికి రెండు అంగుళాల దూరంలో ఉన్నట్టు అనిపిస్తుంది గాని, కంటిముక్క గాజు దాన్ని సుమారు ఒక మీటరు దూరంలో ఉన్నట్టు చూపిస్తుంది. చాలా కెమెరాల కట్టు ఇంతే. మన బైఫోకల్ జోడులో పై భాగం వీధి చూడటానికి, కింది భాగం దినపత్రిక చదవటానికి. ఒక మీటరు రెండింటికీ చెందదు. అందుకే ఎలా చూసినా సగం మసకగా ఉంటుంది. కెమెరా పాడైందని మరమ్మతుకు తీసుకువెళ్ళినవారిని నేనెరుగుదును.

దీనికి పరిష్కారం డయాప్టర్. ఆటోఫోకస్ కెమెరాల్లో కంటిముక్క పక్కన చిన్న చక్రం ఉంటుంది. పాత కెమెరాలకు బిగించుకునే చిన్న గాజులు దొరుకుతాయి. కొన్ని కంపెనీలు డబ్బా మీద వేసే అంకె ఆ గాజు పవరు కాదు, వ్యూఫైండర్‌తో కలిపిన పవరు. అంచేత పెట్టి చూసుకునే కొనాలి. సరిచేసే పద్ధతి: ఎదుటి మనిషిని చూడవద్దు. లెన్సును ఏ తెల్లగోడ వైపో తిప్పి, ఫోకసు పూర్తిగా చెడగొట్టి, స్క్రీన్ మీద గీసి ఉన్న గీతలో, వృత్తమో నల్లగా, పదునుగా కనబడేదాకా చక్రం తిప్పండి. అంతే. కెటరాక్టు ఆపరేషను అయినవారు డాక్టరుగారు కళ్ళజోడు ఖాయం చేసిన తర్వాత మళ్ళీ ఒకసారి సరిచేసుకోవాలి. అడ్డ పవరు, అంటే సిలిండర్ పవరు ఎక్కువగా ఉన్నవారికి డయాప్టర్ చాలదు. వారు జోడు పెట్టుకునే చూడాలి. అటువంటివారికి కన్ను కొంచెం దూరంగా ఉన్నా ఫ్రేము అంతా కనబడే వ్యూఫైండర్ కావాలి. ఫిల్ము కెమెరాల్లో నికాన్ ఎఫ్ 3 హెచ్.పి. ఇందుకు ప్రసిద్ధి.

ఇక స్క్రీన్ రకాలు. మూడు ముఖ్యం. మొదటిది స్ప్లిట్ ఇమేజ్. మధ్యలో ఒక వృత్తం, దానికి అడ్డంగా గీత. ఫోకసు తప్పితే గీతకు పైన ఉన్న ముక్కు, కింద ఉన్న పెదవి పక్కపక్కకు జరుగుతాయి. ఫోకసు కుదిరితే కలుస్తాయి. రెండవది మైక్రోప్రిజమ్. ఫోకసు తప్పితే మధ్యభాగం మిలమిలలాడుతుంది, కుదిరితే ప్రశాంతమవుతుంది. మూడవది ఉత్త గరుకు తెర, మ్యాట్.

మన వయసువారికి స్ప్లిట్ ఇమేజ్ మేలు. కారణం ఉంది. బొమ్మ కొంచెం మసకగా ఉందా, స్పష్టంగా ఉందా అని తేల్చే శక్తి తగ్గినా, ఒక గీత తెగి పక్కకు జరిగిందా అన్నది కన్ను బాగానే పట్టుకుంటుంది. స్కేలు మీద వెర్నియర్ చదివినవారికి ఈ సంగతి తెలుసు. కాని రెండు షరతులు. లెన్సు ఎఫ్ 4, ఎఫ్ 5.6 వంటి చిన్న రంధ్రంది అయితే ఆ వృత్తంలో సగం నల్లబడిపోతుంది. కన్ను మధ్యలో లేకపోయినా అంతే. కనుక స్ప్లిట్ స్క్రీనుకు పెద్ద రంధ్రపు ప్రైమ్ లెన్సే జోడి. రెండో షరతు, ఎదుటి వస్తువు మీద ఏదైనా నిలువు గీత ఉండాలి. నాట్యం వంటి కదిలే విషయానికి మాత్రం ఉత్త మ్యాట్ నయం. నర్తకి ముఖం ఫ్రేములో ఎక్కడుంటే అక్కడే ఫోకసు చూసుకోవచ్చు, మధ్య వృత్తానికి తెచ్చే పని లేదు.

స్క్రీన్ మార్చుకునే వీలు అన్ని కెమెరాలకూ లేదు. 1982లో వచ్చిన నికాన్ ఎఫ్.ఎం.2లో ఉంది. కె రకం స్ప్లిట్, బి రకం మ్యాట్, ఇ రకం గళ్ళు. ఒలింపస్ ఓ.ఎం.1లోనూ ఉంది. దాని వ్యూఫైండర్ ఎంతో విశాలం. 1976నుంచి 1997 దాకా తయారైన పెంటాక్స్ కె 1000 గట్టి కెమెరాయే గాని, అందులో మధ్య మైక్రోప్రిజమ్ ఉన్న స్క్రీనే, ఇంట్లో మార్చుకునే వీలు లేదు. అందుచేత కె 1000 కొనేముందు చీకటి మూలలో చూసి, ఆ మిలమిల మీకు తెలుస్తోందో లేదో తేల్చుకోండి.

డిజిటల్ ఎస్.ఎల్.ఆర్.ల స్క్రీన్లలో ఒక మెలిక ఉంది. చాలామందికి తెలియదు. ఆటోఫోకస్ వచ్చాక జనం ఎఫ్ 5.6 జూమ్‌లు వాడటం మొదలుపెట్టారు. వాటితో కూడా వ్యూఫైండర్ వెలుగ్గా కనబడాలని స్క్రీన్ల గరుకు తగ్గించారు. వెలుగు పెరిగింది గాని, ఎఫ్ 2.8కన్నా పెద్ద రంధ్రపు ప్రభావం ఆ స్క్రీన్ మీద కనబడదు. మీరు పెట్టింది ఎఫ్ 1.4 లెన్సే అయినా స్క్రీన్ ఎఫ్ 2.8 బొమ్మనే చూపిస్తుంది. అందులో కన్నూ చెవీ రెండూ స్పష్టంగానే ఉంటాయి. ఫొటోలో ఒకటే ఉంటుంది. తప్పు మీ కంటిది కాదు, ఆ స్క్రీనుది. కానన్ కంపెనీ దీనికోసం 5డి మార్క్ 2, 6డి కెమెరాలకు ఈ.జి.-ఎస్. అనే ప్రత్యేక మ్యాట్ స్క్రీన్ ఇచ్చింది. అది వేస్తే అసలు లోతు కనబడుతుంది, చిన్న రంధ్రపు జూమ్‌లు మాత్రం చీకటిగా కనబడతాయి. వేసిన తర్వాత కెమెరా మెనూలో స్క్రీన్ రకం మార్చాలి, లేకపోతే మీటరు తప్పు చెబుతుంది. 2012లో వచ్చిన 5డి మార్క్ 3లో ఆ మార్చుకునే వీలే తీసేశారు.

స్క్రీన్ మార్చలేని కెమెరా ఉన్నవారు బెంగపడనక్కరలేదు. చేత్తో ఫోకసు తిప్పేటప్పుడు వ్యూఫైండర్ మూలలో వెలిగే చిన్న చుక్కను నమ్మండి. లేదా వెనక తెర మీద లైవ్ వ్యూ పెట్టి బొమ్మను పది రెట్లు పెద్దది చేసి చూసుకోండి.

స్క్రీన్ మార్చేవారికి మూడు జాగ్రత్తలు. పలకను చెవి దగ్గర చిమటాతో పట్టుకోవాలి, వేలు తగలకూడదు. దుమ్ముంటే గాలి బుడ్డితో ఊదాలి, స్పిరిట్ రాయకూడదు. కింద సన్నని రేకు ముక్క ఉంటే దాన్ని తిరిగి పెట్టడం మరిచిపోకూడదు, లేకపోతే కంటికి కుదిరిన ఫోకసు ఫొటోలో కుదరదు. పరీక్షగా ఒక స్కేలును ఏటవాలుగా పెట్టి, మధ్య అంకె మీద ఫోకసు చేసి, పూర్తి రంధ్రంతో ఒక ఫొటో తీసి చూసుకోండి. ఇంకొక్క మాట. స్క్రీన్ మీద దుమ్మూ గీతలూ కంటికి కనబడతాయే గాని ఫొటోలో పడవు. వాటి కోసం ప్రాణం తీసుకోవద్దు.

ఇక్కడ నా అనుభవం ఒకటి. 1983 ఎండాకాలం, కరెంటు కోతల రోజులు. నా దగ్గర ఉన్నది రష్యా జెనిట్-ఇ, దానికి హేలియోస్ 58 మి.మీ. ఎఫ్ 2 లెన్సు. అమ్మ లాంతరు పక్కన కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. లోపల ఉన్నది 400 స్పీడు నలుపు-తెలుపు ఫిల్ము. లెక్క ప్రకారం 1/15 సెకను కావాలి. జెనిట్-ఇలో 1/30కన్నా తక్కువ వేగం లేదు, ఆ తర్వాత "బి" ఒక్కటే. స్క్రీను చూస్తే ఉత్త గరుకు గాజు, మసక చీకటి, అమ్మ ముఖం ఒక నీడ. అందులో స్పష్టంగా కనబడింది ఒక్కటే, ఆవిడ ముక్కుపుడక మెరుపు. ఆ మెరుపు చిన్న చుక్క అయ్యేదాకా లెన్సు తిప్పి, 1/30లో తీసి, ఫిల్మును డెవలపర్‌లో ఎక్కువసేపు ఉంచి కడిగాను. అమ్మ ఫొటోలు మా ఇంట్లో చాలానే ఉన్నాయి, అన్నీ స్టూడియోలో బిగుసుకుని కూర్చున్నవి. తనను ఎవరూ చూడటం లేదనుకుని పని చేసుకుంటున్నది ఇదొక్కటే. ఎఫ్ 2 లెన్సు లేకపోతే అది ఉండేది కాదు. ఉపాయం కూడా గుర్తుంచుకోండి: చీకట్లో ముఖం మీద కాదు, ముఖం మీది మెరుపు మీద ఫోకసు చేయండి. ముక్కుపుడక, కళ్ళజోడు అంచు, కంట్లో దీపపు చుక్క, ఏదైనా సరే.

మూడవది బాడీ

బాడీ చివర ఎందుకంటే, మొదటి రెండూ కుదిరితే పదేళ్ళనాటి బాడీ కూడా మన అవసరాలకు మిక్కిలి. ఒకప్పుడు 400 ఫిల్మును 1600కు లాగితే గింజలు గింజలుగా వచ్చేది. 2012లో వచ్చిన కానన్ 6డి, 2014లో వచ్చిన నికాన్ డి 750 ఐ.ఎస్.ఓ. 6400 దగ్గర కూడా ఇంట్లో గోడకు తగిలించుకునే బొమ్మ ఇస్తాయి. కొత్త డి.ఎస్.ఎల్.ఆర్. నమూనాలు రావడం దాదాపు ఆగిపోయింది, అందరూ అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల వైపు మళ్ళారు. అంచేత ఇవి సెకండ్‌హ్యాండ్‌లో అందుబాటు ధరకు దొరుకుతున్నాయి.

చూడవలసినవి నాలుగు. ఒకటి, సెన్సారు కొలత. ఫుల్ ఫ్రేమ్ సెన్సారు వైశాల్యం చిన్నదానికి రెండింతలకు పైన. చీకట్లో ఒక మెట్టు పైచిలుకు లాభం. రెండు, వ్యూఫైండర్ కట్టు. చవక డి.ఎస్.ఎల్.ఆర్.లలో లోపల గాజు ప్రిజమ్‌కు బదులు అద్దాలు అతికిస్తారు. బరువు తగ్గుతుంది, బొమ్మ చిన్నదై చీకటవుతుంది. మన కళ్ళకు గాజు ప్రిజమ్ ఉన్నదే కొనాలి. మూడు, ఆటోఫోకస్ ఎంత చీకటిలో పనిచేస్తుందో. కానన్ 6డిలో మధ్య బిందువు, నికాన్ డి 750 రెండూ మైనస్ 3 ఇ.వి. దాకా, అంటే మసక వెన్నెల దాకా పనిచేస్తాయి. చుట్టూ ఉన్న బిందువుల జోలికి పోకుండా మధ్య బిందువే వాడటం మంచి అలవాటు. నాలుగు, మీ లెన్సుకూ బాడీకీ పొత్తు.

ఈ నాలుగోదే మన సభ్యులొకరికి కష్టం తెచ్చింది. ఆయన దగ్గర మంచి నికాన్ 50 మి.మీ. ఎఫ్ 1.8 డి లెన్సు ఉంది. దుకాణంలో చిన్న బాడీ ఒకటి చూపించి, అన్ని నికాన్ లెన్సులూ దీనికి పడతాయని అమ్మారు. పడతాయి, నిజమే. కాని ఆటోఫోకస్ జరగదు. డి రకం లెన్సులో మోటారు ఉండదు, బాడీలో ఉండాలి. డి 3000, డి 5000 వరుసల బాడీల్లో అది లేదు. డి 7000, 7100, 7200లలో, డి 750లో ఉంది. పైగా ఈ బాడీల్లో ఇంకా పాత ఎ.ఐ. మాన్యువల్ లెన్సులకు మీటరు కూడా పనిచేస్తుంది. బీరువాలో పాత నికాన్ లెన్సు ఉన్నవారు దాన్ని దుకాణానికి తీసుకువెళ్ళి, బిగించి, ఒక ఫొటో తీసి చూసి మరీ డబ్బు చెల్లించండి.

జెనిట్ హేలియోస్ వంటి మర లెన్సులు ఉన్నవారికి శుభవార్త. మిర్రర్‌లెస్ కెమెరాల్లో అద్దం లేదు కనుక లెన్సుకూ సెన్సారుకూ మధ్య దూరం 16నుంచి 20 మిల్లీమీటర్లే. ఆ పాత లెన్సులకు కావలసింది 45 మిల్లీమీటర్ల పైచిలుకు. మధ్యలో ఒక ఉత్త లోహపు గొట్టం పెడితే సరిపోతుంది. నికాన్ డి.ఎస్.ఎల్.ఆర్. మీద మాత్రం ఆ లెన్సు గాజు లేని అడాప్టర్‌తో దూరపు వస్తువులకు ఫోకసు కుదరదు. మిర్రర్‌లెస్‌లో ఫోకసింగ్ స్క్రీనే లేదు, కంటి ముందు చిన్న ఎలక్ట్రానిక్ తెర ఉంటుంది. అది వెలుగును పెంచి చూపిస్తుంది, మీట నొక్కితే బొమ్మను పెద్దది చేస్తుంది, స్పష్టమైన అంచులకు రంగు పూస్తుంది. వయసు మళ్ళిన కళ్ళకు ఇది వరం. బాగా చీకట్లో బొమ్మ గింజలుగా, కొంచెం ఆలస్యంగా కదులుతుంది. ఆ లోపం ఒప్పుకుంటే, కొత్తగా కొనేవారికి నా సలహా మిర్రర్‌లెస్సే. పాత లెన్సులూ ప్రిజమ్ బాడీలూ ఉన్నవారు వాటితోనే ఉండండి.

కెమెరాలో వణుకు ఆపే ఏర్పాటు ఉందని దుకాణంవారు గట్టిగా చెబుతారు. అది ఆపేది మన చేతి వణుకును, నర్తకి కదలికను కాదు. ఫోను సంగతీ అడుగుతారు. ఫోనులో నైట్ మోడ్ అనేక ఫొటోలు వరుసగా తీసి కలుపుతుంది. గోపురానికీ, కదలని దీపానికీ భేషుగ్గా ఉంటుంది. నాట్యానికి చేతులు నాలుగై కూర్చుంటాయి.

సెకండ్‌హ్యాండ్ కొనేవారు లెన్సు రంధ్రం పూర్తిగా తెరిచి, వెనకనుంచి టార్చి వేసి చూడండి. సాలెగూడులాంటి పోగులు కనబడితే అది బూజు. వద్దనండి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రపు గాలి ఊళ్ళలో ఇది మరీ ఎక్కువ. తోలు కేసులో ఎప్పుడూ దాచవద్దు, అది తేమ పట్టి ఉంచుతుంది. గాలి దూరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో ఉంచండి. పాత ఫిల్ము కెమెరాలో ఒక సెకను వేగం పెట్టి నొక్కి వినండి, మధ్యలో ఆగకూడదు. అద్దం దగ్గరి స్పాంజి జిగురుగా మారిందేమో చూడండి. ఒలింపస్ ఓ.ఎం.1 వంటివి కోరే పాదరసం బటన్ సెల్లులు ఇప్పుడు తయారు కావడం లేదు. ఎఫ్.ఎం.2 మామూలు బటన్ సెల్లులతో నడుస్తుంది, సెల్లు లేకపోయినా షటర్ పనిచేస్తుంది.

సభలో తీసేటప్పుడు

మూడు చిట్కాలు చెప్పి ముగిస్తాను. నట్టువాంగం వినండి. జతి ముగింపులో నర్తకి ఒక భంగిమలో ఒక క్షణం నిలుస్తుంది. ఆ క్షణానికి 1/60 సెకను చాలు. గెంతే అడుగుకు 1/250 కావాలి. ఐ.ఎస్.ఓ. 1600, ఎఫ్ 2 దగ్గర ఓ మాదిరి వెలుగున్న సభామందిరంలో అది దొరుకుతుంది. రెండు, వెనక నల్ల తెర ఉంటే మీటరు మోసపోయి ముఖాన్ని తెల్లగా చేస్తుంది. స్పాట్ మీటరు ముఖం మీద పెట్టండి. మూడు, మన కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి చవక ఎల్.ఇ.డి. దీపాలు సెకనుకు వందసార్లు మిణుకుతాయి. ఫొటోలో అడ్డచారలు వస్తే 1/50కో, 1/100కో మార్చండి. చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షటర్ ఆపేయండి.

మిత్రులారా, మన సభ్యత్వ పట్టికలో ఎనభై దాటినవారు ఎందరున్నారో కార్యదర్శిగారికి తెలుసు. ప్రతి సంచికలోనూ శ్రద్ధాంజలి పుటకు ఫొటోలు వస్తాయి. చాలావరకు గుర్తింపు కార్డు ఫొటోలే. నలభై ఏళ్ళు మనతో పనిచేసిన మనిషి, మనం చూసిన నవ్వుతో ఉన్న బొమ్మ ఒక్కటీ ఆ ఇంట్లో దొరకదు. సాయంత్రం అరుగు మీద కబుర్లు చెప్పుకునే వేళ వెలుగు తక్కువ, అప్పుడే ముఖం నిజంగా ఉంటుంది. ఆ వెలుగుకు సరిపడే లెన్సు ఒక్కటి మన మధ్య పది మంది దగ్గర ఉంటే, ఆ పుట అలా ఉండదు.

వచ్చే నెల సమావేశానికి మీ బీరువాల్లోని పాత కెమెరాలూ లెన్సులూ తీసుకురండి. టార్చి నేను తెస్తాను. ఏది పనికొస్తుందో, దేన్ని దేనికి బిగించాలో కూర్చుని చూద్దాం. కళ్ళజోళ్ళు మరిచిపోకండి.